పసుపు గీత కింద పెయింటు

పని చేసిన చేతికి కాగితం మీద పేరుండాలి. ఈ ఒక్క ముక్క కోసం రెండేళ్ళు మా ఓనరు చెవిలో జోరీగలా తిరిగాను. బతిమాలలేదు, నాకా విద్య రాదు. టీ తాగుతుంటే అడిగాను, జీతాల రోజున అడిగాను, కారెక్కబోతుంటే డోరు పట్టుకుని అడిగాను. చివరికి నన్ను చూస్తే చాలు, ఫోన్ మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని హలో అనేవాడు.

మాది చిన్న విమానాలు బాగుచేసే హ్యాంగరు. ఒక్కో రెక్కకి ఒక్కో ఇంజినుండి, ఆరేడుగురు పట్టే రకం. వాటి కరెంటు పని నాది. బ్యాటరీలు, లైట్లు, స్విచ్చులు, ముక్కు నుంచి తోక దాకా పాకే వైర్లు. ఇరవై మూడేళ్ళ నుంచి ఇదే పని. లైసెన్సు మాత్రం లేదు. పరీక్ష రాయాలంటే బడి సర్టిఫికెట్ కావాలి, బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది. మాన్యువల్ చదవడం నా అంతట నేనే నేర్చుకున్నాను, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని. అంచేత పని నాది, సంతకం లైసెన్సున్నవాళ్ళది. కాగితాలు తిరగేస్తే ఆ హ్యాంగర్లో నేను అడుగుపెట్టనే లేదు. నాలాంటివాళ్ళు ఇంకో పదిమంది.

నాలుగు నెలల కిందట ఓనరు దిగొచ్చాడు. చేసిన పని రాసే జాబ్ కార్డులో అడుగున ఒక గడి పెట్టించాడు. 'పని చేసినవారు' అని. అగ్గిపెట్టె అంత గడి. దానికోసం రెండేళ్ళు అరిచాననుకుంటే ఇప్పటికీ సిగ్గనిపించదు.

నన్నందరూ షార్టక్క అంటారు. పొట్టిదాన్ని కాను. ముట్టుకుంటే షార్ట్ సర్క్యూట్ అయినట్టు నిప్పులొస్తాయని ఎవడో పెట్టాడు, ఉండిపోయింది.

నా కోడలి సంగతి వేరు. చదువుకుంది, పరీక్షలు రాసింది, ఏడు నెలల కిందట లైసెన్సు తెచ్చుకుంది. వైరు కొస ఒలవడం నా వంటింటి బల్ల మీద నేర్చుకున్న పిల్ల ఇప్పుడు నా పని చూసి సంతకం పెడుతుంది. ఇంట్లో నేను అత్తని. హ్యాంగర్లో ఆమె నాకు మేడమ్. నా కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. మేమిద్దరం ఇంటికొచ్చి వోల్టుల గొడవ మొదలుపెడితే రేడియో పెట్టుకుంటాడు.

ఆ రోజు అంబులెన్సు విమానం మూడోసారి తిరిగొచ్చింది. కొండల అవతల రోడ్డు సరిగా లేని ఊళ్ళ నుంచి రోగుల్ని తెచ్చే విమానం అది. సీట్లు పీకి స్ట్రెచర్ వేశాం. ఆక్సిజన్, కఫం లాగే పంపు, గుండె గీతలు చూపించే పెట్టె, అన్నీ కరెంటు తాగేవే. రెండు ఇంజిన్లకీ రెండు ఆల్టర్నేటర్లుంటాయి, కరెంటు పుట్టించేవి. బరువు చెరి సగం మొయ్యాలి. ఒకటి చచ్చినా రెండోది మిమ్మల్ని నేల మీదకి తేవాలి. అందుకే రెండు.

పైలెట్ దిగి నా చేతిలో చీటీ పెట్టాడు. "షార్టక్కా, కుడి ఆల్టర్నేటర్ లైటు మళ్ళీ కన్ను కొడుతోంది."

"మీకేనా, వెనకాల నర్సుకి కూడానా?"

"నర్సుకి కన్ను కొట్టే ధైర్యం ఈ విమానానికి లేదు. లైట్లు, పంపు, హీటరు, అన్నీ ఒకేసారి వేస్తే కుడిది చేతులెత్తేస్తోంది. ఎడమది ఒక్కతే మోస్తోంది. అది కూడా అలిగిందంటే నేను బ్యాటరీ మీద దిగాలి."

మొదటిసారి వచ్చినప్పుడు వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్లు ఆ రెక్కదీ ఈ రెక్కదీ అటుదిటు మార్చి చూశాను. లోపం దానిలో ఉంటే దానితోపాటే రెక్క మారాలి. మారలేదు. రెండోసారి కుడి ఆల్టర్నేటరే కొత్తది వేశాం. రెండుసార్లూ నేల మీద బుద్ధిగానే ఉంది. రెండుసార్లూ కార్డు మీద 'లోపం కనబడలేదు' అని రాసి పంపేశాం. ఆ మాటంత పిరికి మాట ఇంకోటి లేదు. కనబడలేదంటే లేదని కాదు. మేం చూడలేదని.

ఓనరు మెట్ల మీద నిలబడి అందర్నీ పిలిచాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు, కానీ లోపల్లోపల ఏదో ఖుషీ ఉంది, నాకు తెలిసిపోయింది.

"షార్టక్క గడి అడిగింది, ఇచ్చాను. ఇప్పుడా గడి నాకు పనికొస్తుంది. ఈ తప్పు ఎవరిదో రేపు సాయంత్రంలోగా తేలాలి. గడిలో ఎవరి పేరుంటే వాళ్ళు రేపే ఇంటికి. తేలకపోతే గడి పనికిరానిదని అర్థం, పీకేస్తాను. పాత పద్ధతే నడుస్తుంది."

అందరూ నావైపు తిరిగారు. ఓనరు వైపు తిరగాల్సిన చూపులు నా మీద పడ్డాయి. మనుషులింతే, కొట్టేవాణ్ణి వదిలేసి తలుపు తీసినవాడి మీద పడతారు.

ఇంజిన్ల మామ నా పక్కకొచ్చి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గొణిగాడు. ఇంజిన్లు బిగించే మనిషి, అరవై దాటాడు, అందరికీ మామే కానీ నన్ను చెల్లెమ్మా అంటాడు. "చెల్లెమ్మా, నువ్వు మా మెళ్ళో దండ వేస్తావనుకున్నాం. ఉరితాడు పేని పెట్టావు."

"నీ పేరు లేని ఇంజిన్ చెడితే ఎవర్ని తిట్టేవాడన్నా ఓనరు?"

"అందర్నీ తిట్టేవాడు. ముప్ఫై మంది పంచుకుంటే తిట్టు పల్చబడుతుంది."

జవాబు ఉన్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాను.

సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక కోడలు అంది, "అత్తయ్యా, పైలెట్ రెండో చీటీలో చివర ఇంకో లైను రాశాడు. కుడి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు బద్ధకంగా తిరుగుతోందని. మీరు చూశారా?"

"చలికి అలాగే తిరుగుతుంది."

"ఎడమది కూడా అదే చలిలో ఉంది కదా."

నా కొడుకు రేడియో గొంతు తగ్గించి గడియారం చూశాడు. "అమ్మ నోరు మూతపడింది. టైము ఎక్కడైనా రాసిపెట్టండి."

"నోర్ముయ్యరా, ఆలోచిస్తున్నాను."

"స్టార్టరూ ఆల్టర్నేటరూ వేరువేరు సామాన్లు," అంది కోడలు, వేలితో కంచం అంచు మీద గీస్తూ. "రెంటికీ ఒకేసారి జబ్బు చేసిందంటే, రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. తిరిగొచ్చే దారి."

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కరెంటుకి వెళ్ళే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే ముఖ్యం. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, వణుకు విమానానికి తగలకుండా. రబ్బరు గుండా కరెంటు రాదు. అందుకని ఇంజిన్ని విమానం బాడీకి కలుపుతూ ఒక రాగి పట్టీ ఉంటుంది, జడలా అల్లినది, బొటనవేలంత వెడల్పు. ఇంజిన్ మీదున్న ప్రతిదాని కరెంటూ దాని మీదుగానే ఇంటికి చేరాలి.

"పట్టీ బాగానే ఉంది," అన్నాను. "నేనే బిగించాను. గీత కూడా ఉంది."

గీత అంటే మా హ్యాంగరు పద్ధతి. నట్టు బిగించాక దాని మీంచి బాడీ మీదకి రంగుతో అడ్డంగా ఒక గీత పెడతాం. నట్టు వదులైతే గీత రెండుగా చీలుతుంది. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాది పసుపు, ఇంజిన్ల మామది నీలం. గీత చెక్కుచెదరకుండా ఉంటే దాన్నిక ఎవరూ ముట్టుకోరు. అది అయిపోయిన పని.

"గీత ఉంది, నేనూ చూశాను," అంది కోడలు. "రేపు ఒకసారి కొలుద్దాం."

"నా గీతని కొలుస్తావా?"

"మీరే కదా అత్తయ్యా అంటారు, చూడకుండా రాయొద్దని."

నా కొడుకు మళ్ళీ గడియారం చూశాడు. ఈసారి ఏమీ అనలేదు, బతికిపోయాడు.

మర్నాడు పొద్దున్నే విమానాన్ని బయటికి లాగించాం. తిరిగే ప్రొపెల్లర్ దగ్గర మీటరు పట్టుకుని నిలబడితే తల ఉండదు. అందుకని పొడుగాటి వైర్లు, ఒక కొస ఇంజిన్ ఒంటికి, ఇంకో కొస విమానం బాడీకి తగిలించి, రెక్క మీదుగా టేపు వేసి క్యాబిన్లోకి తెచ్చాను. రెండు పక్కలా అలాగే. పైలెట్ సీట్లో కూర్చున్నాడు. నేను స్ట్రెచర్ మీద మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, రోగి లాగా. కోడలు పక్కన, కాగితం పెన్నుతో.

ఎడమ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది. దారి సాఫీగా ఉంటే అలాగే ఉండాలి, సున్నా దగ్గర.

కుడిది స్టార్ట్ చేశాడు. స్టార్టర్ మూలుగుతూ తిరిగింది. మీటరు ఎగిరిపడింది. ఇంజిన్ అందుకున్నాక ఒక్కొక్కటే వేయమన్నాను. లైట్లు. హీటరు. పంపు. ప్రతి స్విచ్చుకీ ముల్లు ఒక మెట్టెక్కింది. వోల్టు దాటింది. వోల్టున్నర. పైలెట్ ముందు కుడి లైటు వెలిగి ఆరి, వెలిగి ఉండిపోయింది.

కోడలు నా మొహం చూడకుండా అంకె రాసుకుంది. ఆ పిల్లలో నాకు నచ్చేది అదే, చూడకూడనప్పుడు చూడదు.

ఇంజిన్లు ఆపాక పైలెట్ ఓనరు గదికి వెళ్ళాడు. మేమిద్దరం కుడి ఇంజిన్ మూత తెరిచాం. కోడలు లోపలికి చెయ్యి పెట్టి, "అబ్బా," అని వెనక్కి లాక్కుంది. ఇంజిన్కి గొంతులాంటిది థ్రాటిల్ కేబులు, పైలెట్ లీవరు తోస్తే ఇంజిన్ వినేది దానిగుండానే. దాని పైతొడుగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఒక చోట నల్లటి తొడుగు గోధుమరంగుకి తిరిగి బుడగలెత్తింది.

పట్టీ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన ఇనుము పట్టుకుని పోతుంది. స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు థ్రాటిల్ కేబులు మీదుగా ఇంటికి పోతున్నాయి. ఇంకో పాతికసార్లు స్టార్ట్ చేస్తే ఆ కేబులు లోపల అతుక్కుపోయేది. అది నేల మీదే అతుక్కోవాలని రూలేమీ లేదు.

పట్టీ నట్టు మీద నా పసుపు గీత ఉంది. చక్కగా, నిటారుగా, ఎక్కడా చీలకుండా. రెండుసార్లు ఈ మూత తెరిచి రెండుసార్లూ ఆ గీత చూసి దాటేశాను. నా గీతని నేనే నమ్మాను.

స్పానరు వేసి తిప్పాను. నట్టు గట్టిగానే ఉంది, బిగింపులో వంక లేదు. పట్టీ కొస పైకెత్తాను. కింద పెయింటు. తెల్లగా, అద్దంలా మెరుస్తోంది. పట్టీ కొస కూర్చున్న చోట గుండ్రంగా అచ్చు పడింది, చుట్టూ సూదిమొనల్లాంటి నల్ల చుక్కలు, కరెంటు దారి వెతుక్కుంటూ కాల్చిన చుక్కలు.

పట్టీ వేసే ముందు పెయింటు గీకి లోహం బయటపెట్టాలి. ఈ పని నేర్చుకున్న మొదటి వారంలో నేర్చుకునేది అది. నేను ఇరవై మందికి నేర్పాను.

ఎప్పుడు జరిగిందో వెంటనే గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట. ఓనరుకి ఇంజిన్ గదులు తెల్లగా మెరవాలని పట్టింది, వచ్చినవాళ్ళు చూసి నోరెళ్ళబెట్టాలని. దళసరి రకం కొత్త పెయింటు తెప్పించి రెండు విమానాలకి వేయించాడు. అంబులెన్సుకి పట్టీలు తిరిగి వేసేది నేనే. ఎడమది గీకాను. కుడిది గీకడానికి ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను, అప్పుడే ఆఫీసు నుంచి కబురు. గడి గురించి మాట్లాడతారట, రమ్మని. పట్టీని వేలితో నట్టు పెట్టి తగిలించి పరిగెత్తాను. గంట తర్వాత గెలిచి వచ్చాను. గాల్లో తేలుతూ వచ్చాను. రెండు పట్టీలూ తమ చోట్లలో ఉన్నాయి. బిగించాను, గీత పెట్టాను, ఆఫీసులో అప్పటికప్పుడు అచ్చేసిచ్చిన కార్డు తీసి ఆ కొత్త గడిలో ఇరవై మూడేళ్ళలో మొదటిసారి నా పేరు రాశాను. పెద్ద అక్షరాలతో, గడి దాటి బయటికొచ్చేలా.

నా పేరు రాసుకోవాలన్న తొందరలో చేసిన తప్పు కింద నా పేరే ఉంది.

కోడలు ఆ తెల్లటి గుండ్రాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత మెల్లగా అంది, "అత్తయ్యా, ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. గీకడానికి పది నిమిషాలు. కేబులు ఎలాగూ మార్చాలి. 'పట్టీ అతుకు సరిచేశాం' అని రాస్తాను. అబద్ధం కాదు."

"అతుకు ఎందుకు చెడిందో?"

"ఎవరూ అడగరు. అడిగితే తుప్పు అంటాను."

నేను ఆలోచించలేదని చెప్తే అది ఇంకో అబద్ధం. ఆలోచించాను. నిజం చెప్తే సాయంత్రానికి నేను ఇంట్లో ఉంటాను. నన్ను పంపించాక గడిలో ఇంకెవరు పేరు రాస్తారు? ఖాళీగా వదిలేస్తారు, నెల తిరిగేసరికి ఓనరు ఎలాగూ తీసేస్తాడు. దాచిపెడితే గడి బతుకుతుంది, నేనూ బతుకుతాను. ఇంత బాగా లెక్క కుదిరినప్పుడు నాకు నామీదే అనుమానం వస్తుంది.

అంతలో ట్రాక్టరు చప్పుడైంది. తెల్ల విమానాన్ని బయటికి లాగుతున్నారు, మా రెండో జంట ఇంజిన్ల విమానం. పైలెట్ సంచి భుజాన వేసుకుని దానివైపు నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యూపాడు.

"కొండవతల నెలలు నిండని బిడ్డ పుట్టింది. వెచ్చపెట్టె పెట్టి తెస్తున్నా. మీ రోగి లేచేదాకా తెల్లదానితో నెట్టుకొస్తా."

వెచ్చపెట్టె, అంటే ఇంక్యుబేటరు, కరెంటు మీద నడుస్తుంది, దారి పొడుగునా. తెల్ల విమానం పెయింటు కూడా అదే డబ్బాలోది, అదే వారంలోది. దాని పట్టీలు నేను వేయలేదు, ఇంజిన్ల మామ వేశాడు. మామ గీకాడో లేదో నాకు తెలియదు. కార్డు మీద 'తుప్పు' అని ఉంటే ఎవరూ వెళ్ళి చూడరు.

కోడలు కూడా అదే లెక్క వేసింది. పెన్ను మూత పెట్టేసింది. "పదండి," అంది.

నేను వెళ్ళి ట్రాక్టరు ముందు నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. నా గొంతు సంగతి మీకు తెలీదు, పైకప్పు మీది పావురాలకు తెలుసు.

"తెల్లదాన్ని ఆపండి. పట్టీలు చూడాలి. అంబులెన్సు కుడి పట్టీ పెయింటు మీద బిగించి ఉంది. బిగించింది నేను. గీకకుండా బిగించింది నేను. ఇదే పెయింటు దీనికీ వేశారు."

హ్యాంగరంతా చేతిలో పని చేతిలో ఆపేసింది. ఓనరు మెట్లు దిగి వచ్చాడు, నాలుగు నెలల కిందటి కార్డు చేత్తో పట్టుకునే. అంటే అప్పటికే వెతికి పెట్టుకున్నాడన్నమాట.

"నీ పేరేనా ఇది?"

"గడి దాటి రాశాను కదా, కనబడట్లేదా?"

"గడి కావాలన్నావు. మొదటి పేరు నీదే దొరికింది."

"దొరికింది. పాత పద్ధతిలో అయితే ఇంకో నాలుగు నెలలు దొరికేది కాదు. ఆలోపు ఆ కేబులు తెగేది. ఇంటికి పంపిస్తారా, పంపండి. ముందు ఆ విమానం మూత తెరవండి."

మామ అప్పటికే నిచ్చెనెక్కాడు. మాకు వినబడేది స్పానరు చప్పుడొక్కటే. ఎడమ ఇంజిన్, తర్వాత కుడి ఇంజిన్. కుడిదాని దగ్గర చాలాసేపు ఉన్నాడు. దిగి వచ్చి ఓనరు ముందు అరచెయ్యి చాపాడు. చేతిలో నట్టు, దాని మీద సగం నీలం గీత.

"నాది. దీని కింద కూడా పెయింటే. ఎడమది గీకి ఉంది, కుడిదాని మీద ఎందుకు చెయ్యి తప్పిందో గుర్తులేదు. చెల్లెమ్మకైనా గుర్తుంది." నట్టు ఓనరు చేతిలో పెట్టాడు. "నన్ను కూడా పంపించండి సార్. ఇంటి కప్పు కారుతోంది, ఏడాది నుంచి మా ఆవిడ పోరు పెడుతోంది. ఇదే మంచి అవకాశం."

వెనకాల ఎవరో నవ్వారు. ఓనరు వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ నవ్వలేదు.

"ఇద్దర్నీ పంపిస్తే విమానాలు నేను బిగించుకోవాలా?"

"మీరు బిగిస్తే నేను బస్సులో వెళ్తాను," అన్నాడు పైలెట్. తర్వాత నవ్వు తీసేసి చెప్పాడు. "మీరిచ్చిన 'లోపం కనబడలేదు' కాగితాలు పట్టుకుని రెండుసార్లు ఎగిరాను. ఇవాళ మొదటిసారి లోపం ఎక్కడుందో, ఎలా వచ్చిందో, ఇంకెక్కడ ఉండొచ్చో నాకు ఒక మనిషి చెప్పింది. ఆవిణ్ణి ఇంటికి పంపితే రేపు నేను ఎవర్నడగాలి?"

ఓనరు గడియారం చూశాడు. అవతల బిడ్డ ఉంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. మొండివాడే కానీ రాయి కాదు.

"ముందు ఇది ఎగరాలి," అన్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. మామ గీకాడు, లోహం వెండిలా బయటపడేదాకా. నేను కొలిచాను. కోడలు తెల్లదాని థ్రాటిల్ కేబులు అంగుళం అంగుళం తడిమి చూసింది. అది కాలలేదు. తెల్లదానికి స్ట్రెచర్ లేదు, పంపు లేదు, ఇన్నాళ్ళూ మోసిన బరువు తక్కువ కాబట్టి బతికిపోయింది. ఇవాళ వెచ్చపెట్టె ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. కోడలు సంతకం పెట్టింది. గడిలో మామ తన పేరు, నేను నా పేరు రాశాం. ఈసారి చిన్నగా రాశాను.

ఎండ తగ్గకముందే విమానం తిరిగొచ్చింది. నర్సు వెచ్చపెట్టెని గుడ్డ కప్పి దింపింది. పైలెట్ మా వైపు రెండు బొటనవేళ్ళూ పక్కపక్కనే పెట్టి చూపించాడు. రెండు ఆల్టర్నేటర్ల ముళ్ళూ సమానంగా నిలబడ్డాయని.

అప్పుడు ఓనరు నన్ను గదిలోకి పిలిచాడు. మూడు రోజులు స్పానరు ముట్టుకోకూడదన్నాడు. మెమో ఇచ్చాడు. న్యాయమే, తీసుకున్నాను. గడి ఉంటుందన్నాడు. తక్కిన సంగతులు తర్వాత మాట్లాడదామన్నాడు.

"తర్వాత కాదు, ఇప్పుడే," అన్నాను. "గడిలో పేరు చూసి ఏం జరిగిందని అడగండి. ఎంతైనా అడగండి. ఇంటికి పంపడానికైతే రేపటి నుంచి అందరూ గడిలో కాకిగీతలు గీస్తారు, మీకు ఒక్క పేరూ అర్థం కాదు."

"మెమో చేత్తో పట్టుకుని బేరమాడుతున్నావా?"

"రెండో చెయ్యి ఖాళీగానే ఉందండి."

నోటీసు కోడలు టైపు చేసింది, ఆయన సంతకం పెట్టాడు. తప్పు తామే చెప్పుకున్నవాళ్ళ ఉద్యోగం తీయరు అని ఒక్క వాక్యం. ఇంకా అందంగా రాయొచ్చేమో. నాకు అందం అక్కర్లేదు, గోడకి అంటుకుంటే చాలు.

మూడు రోజులు స్పానరు లేకుండా హ్యాంగర్లో తిరిగాను, పని లేనిదానిలా. రెండో రోజు పెయింటరు నా దగ్గరికి వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ముక్కుకి గుడ్డ కట్టుకుని మూలగదిలో ఉంటాడు. పదకొండేళ్ళుగా ఉన్నాడు. గుడ్డ లేకుండా అతని మొహం అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

"అక్కా, ఒక మాట. ఆ పట్టీ కూర్చునే చోట పెయింటు ఉండకూడదని మీ అందరికీ తెలుసా?"

"తెలుసు."

"నాకు తెలీదు."

నేను పక్కనున్న స్టూలు అతని వైపు జరిపాను.

"నాకు ఓనరు చెప్పింది అంతా తెల్లగా రావాలని. అంతా వేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడ టేపు ముక్క అంటించేవాణ్ణి. ఊపిరి పీల్చుకున్నంత సేపు పట్టదు. మీరు గీకక్కర్లేదు, మామ గీకక్కర్లేదు, ఎవరూ మర్చిపోనక్కర్లేదు."

రెండేళ్ళు పని చేసిన చేతుల గురించి అరిచాను. ఆ చేతుల్లో ఇతని చేతులు లేవు. గడి మెకానిక్కుల కార్డు మీదే ఉంది, పెయింటు గదికి కార్డే లేదు. పదకొండేళ్ళలో నేను ఇతనితో మాట్లాడింది 'కాస్త జరుగు', 'ఇంకా ఆరలేదా', అంతే. ఓనరు నన్నెలా చూశాడో నేను ఇతన్ని అలాగే చూశాను, కాకపోతే మెట్లు లేవు.

"టేపు ఉందా?" అన్నాను.

"నా దగ్గర ఉండేదే టేపు."

టేపు అంటించడానికి స్పానరు అక్కర్లేదు. ఇద్దరం మొదలుపెట్టాం. నేను చూపించాను, అతను సీసా మూత ఒకటి పెట్టి చుట్టూ గీసి గుండ్రంగా కత్తిరించాడు. ఇంజిన్ పట్టీలు రెండు, బ్యాటరీ దగ్గరొకటి, రెక్కల దగ్గర, తోక దగ్గర. విమానానికి పధ్నాలుగు చోట్లు. అతను తన గది తలుపు వెనక విమానం బొమ్మ గీసి చుక్కలు పెట్టుకున్నాడు. నేను మాన్యువల్లో ఎన్నేళ్ళు చూసినా రాని స్పష్టత ఆ బొమ్మలో ఉంది. అడిగితే, "విమానాల మీద నంబర్ల అచ్చులు వేసేవాణ్ణి కదక్కా, ఎక్కడ వెయ్యకూడదో గుర్తుపెట్టుకోవడమే నా పని," అన్నాడు.

అంబులెన్సుకి కొత్త కేబులు మర్నాడు వచ్చింది. పాడైన చోట పెయింటు కూడా సవరించాల్సి వచ్చింది కాబట్టి మొదటి టేపు ముక్క దాని మీదే పడింది. పెయింటు ఆరాక అతను నన్ను పిలిచాడు. గోటితో అంచు లేపి మెల్లగా లాగాడు. తెల్లటి గోడ మధ్యలో ఉత్త లోహం, గుండ్రంగా. నా మూడు రోజులూ అయిపోయాయి. పట్టీ పెట్టి బిగించాను. మీటరు ఒక కొస అతని చేతికిచ్చాను, ఒకటి నేను పట్టుకున్నాను. ఇంజిన్ ఆపే ఉంది, కోడలు మీటరుని దారిలో అడ్డెంత ఉందో కొలిచేలా తిప్పింది.

అతను ముల్లు వైపు వంగి చూశాడు. "కదలట్లేదు. మంచిదా చెడ్డదా?"

"మంచిది."

"అయితే ఇదెక్కడ రాయాలి?"

కార్డు తీసి రెక్క మీద పెట్టాను. మొన్న మామా నేనూ ఒకే గడిలో ఇరుక్కున్నట్టు ఇతన్ని ఇరికించబుద్ధి కాలేదు. గడి పక్కన పెన్నుతో ఇంకో గడి గీశాను, వంకరగా వచ్చింది. అతను చేతులు లుంగచుట్టిన గుడ్డకేసి రెండుసార్లు తుడుచుకుని, పెన్ను తీసుకున్నాడు.